చెవితో పరీక్షించిన జీబో 737

ఎక్స్-ప్లేన్ 12 అనే ఫ్లైట్ సిమ్యులేటరుకు ఉచితంగా దొరికే జీబో 737-800 విమానం తెరమీద ఎంత అందంగా ఉంటుందో చాలామంది రాశారు. ఈ సమీక్ష దాని చప్పుడు గురించే. తీర్పు ముందే చెప్పేస్తాం. కాక్‌పిట్‌లో కూర్చుని నడిపేవాళ్ళకు ఇది గట్టిగా సిఫారసు చేయదగిన విమానం. బయట నిలబడి చూసేవాళ్ళకు మాత్రం అంత తృప్తి ఉండదు. రికార్డింగు ఎంత శుభ్రంగా ఉంది, స్పీకరు ఎంత దద్దరిల్లింది అన్నవి ఇక్కడ కొలమానాలు కావు. యంత్రంలో ఏం జరుగుతోందో చప్పుడుకు తెలుసా లేదా అన్నదే కొలమానం. క్యాబిన్‌కు చల్లగాలి పంపే ఏసీ యంత్రాన్ని ప్యాక్ అంటారు, దాన్ని ఆపితే గాలి హోరు తగ్గాలి. వేగం పెరిగితే అద్దం మీద రాపిడి పెరగాలి. రెండు ఇంజన్ల ఎన్1 (ముందున్న ఫ్యాన్ తిరిగే వేగం, శాతంలో) కొంచెం తేడాగా ఉంటే ఆ తేడా చెవికి అందాలి. ఇవన్నీ కుదిరితే ప్యానెల్ మీది మీటర్లతో పాటు చెవి కూడా ఒక మీటరుగా పనిచేస్తుంది.

విశాఖవాసులకు ఈ పరీక్షలో ఒక సౌకర్యం ఉంది. మన ఎయిర్‌పోర్టు ప్రధాన రన్‌వే 10/28, పొడవు సుమారు 3,050 మీటర్లు, ఊరిని ఆనుకునే ఉంటుంది. 28 వైపు దిగే విమానాలు పోర్టు, జ్ఞానాపురం పరిసరాల మీదుగా తక్కువ ఎత్తులో వస్తాయి. కంచరపాలెంలో మేడ ఎక్కితే అసలు చప్పుడు ఎలా ఉంటుందో చెవులారా వినొచ్చు. ఎయిర్‌బస్ 320 కుటుంబం, బోయింగ్ 737లు, నేవీ డోర్నియర్ 228లు, హెలికాప్టర్లు అన్నీ ఇక్కడ తిరుగుతాయి. ఒక జాగ్రత్త: ఇది ఐఎన్ఎస్ డేగా, నౌకాదళ వైమానిక స్థావరం. ప్రహరీ చుట్టుపక్కల ఫోన్ పైకెత్తి ఫోటోలు, వీడియోలు తీయకండి. మీ మేడ మీద నిలబడి వినడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చప్పుడు ఎలా కడతారు, ఎక్కడ తేలిపోతుంది

పాత ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్‌లో ఒక కాన్ఫిగరేషన్ ఫైలులో వేవ్ ఫైళ్ళ పేర్లు రాసి, ఏ దశలో పిచ్ ఎంత, వాల్యూమ్ ఎంత అని అంకెలు ఇచ్చేవాళ్ళు. ఎక్స్-ప్లేన్ 11 నుంచి ఎఫ్‌మాడ్ అనే ఆడియో ఇంజన్ వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020 నుంచి వైజ్ అనే ఆడియో ఇంజన్ వాడుతోంది. పేర్లు వేరైనా పద్ధతి ఒకటే. సౌండ్ డిజైనరు ఒక ఈవెంటు తయారుచేసి, దానికి సిమ్యులేటరు లోపలి విలువలను ముడిపెడతాడు: ఎన్1, ఎయిర్‌స్పీడ్, తలుపు తెరిచి ఉందా, కెమెరా లోపలుందా బయటుందా. ఎక్స్-ప్లేన్‌లో ఈ విలువలను డేటారెఫ్‌లు అంటారు. జీబోతో వచ్చే శబ్దాలు ఆడియోబర్డ్ ఎక్స్‌పీ వాళ్ళు చేసినవి.

ఇంజను మోత అంతా ఒకే రికార్డింగు అనుకోవద్దు. ఐడిల్ (ఇంజను తిరిగే కనీస వేగం) దగ్గర ఒక లూపు, అంటే తిరిగి తిరిగి మోగే చిన్న రికార్డింగు, ఆ పైన కొన్ని ఎన్1 విలువల దగ్గర ఒక్కో లూపు తీసుకుంటారు. ఎన్1 పెరుగుతుంటే ఒకదాన్ని సన్నగిల్లజేస్తూ పక్కదాన్ని పైకి తెస్తారు, మధ్యలో పిచ్‌ను సాగదీస్తారు. బలహీనమైన సౌండ్ ప్యాకులు దొరికిపోయేది ఈ మధ్య ప్రాంతంలోనే. లూపుల మధ్య ఎడం ఎక్కువైతే పిచ్ మరీ సాగి, ఇంజను గొంతు పిల్లల గొంతులా పీలగా మారుతుంది. లూపు మూడు నాలుగు సెకన్లే ఉంటే అందులోని చిన్న టిక్కు మళ్ళీ మళ్ళీ వచ్చి చెవికి తగులుకుంటుంది. ఒకసారి విన్నాక ఇక వదలదు. కుడి, ఎడమ ఇంజన్లకు ఒకే లూపును ఒకే క్షణంలో మొదలుపెడితే రెండూ కలిసిపోయి, డొల్లగా, గొట్టంలోంచి వచ్చినట్టు వినిపిస్తాయి.

పరీక్ష సులువు. నేలమీద పార్కింగ్ బ్రేకు వేసి, ఎన్1ను 45 శాతం దగ్గర ఒక నిమిషం కదలకుండా ఉంచి, కళ్ళు మూసుకుని వినండి. తర్వాత 30 నుంచి 60 వరకు చాలా నెమ్మదిగా పెంచండి. కాక్‌పిట్‌లో జీబో ఈ పరీక్ష నెగ్గుతుంది. పెరుగుదల ఒకే ఊపిరిగా సాగుతుంది, మెట్లు వినిపించవు. థ్రాటిల్ గబుక్కున తోసినా చప్పుడు వెంటనే ఎగరదు, ఎన్1తో పాటు నింపాదిగా పైకి వస్తుంది. నిజమైన 737-800 ఇంజను సీఎఫ్‌ఎం56 ఐడిల్ నుంచి బద్ధకంగానే లేస్తుంది. థ్రాటిల్ స్థానానికి కాకుండా ఎన్1కి చప్పుడును కట్టారు కాబట్టే ఇది సాధ్యమైంది.

స్టార్టింగు వరస

737 చప్పుడులో అన్నిటికంటే ఎక్కువ సమాచారం ఉండేది ఇంజను స్టార్టులో. అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం.

చల్లటి, చీకటి కాక్‌పిట్‌తో మొదలుపెట్టండి. గ్రౌండ్ పవర్ ఇచ్చిన క్షణం ఎక్విప్‌మెంట్ కూలింగ్ ఫ్యాన్ల హోరు రావాలి. తర్వాత ఏపీయూ, అంటే నేలమీద కరెంటు, గాలి ఇచ్చే చిన్న సహాయక ఇంజను. అది తోక చివర ఉంటుంది కాబట్టి 737-800 కాక్‌పిట్‌లో దాని మోత దాదాపు అందదు. ముందు సీట్లో కూర్చుని ఏపీయూ గుయ్యిమంటూ వినిపిస్తే ఆ సౌండ్ ప్యాకు చేసినవాళ్ళు దూరాన్ని లెక్కలోకి తీసుకోలేదన్నమాట. ఏపీయూ బ్లీడ్ (దాని ఒత్తిడి గాలి) తెరిచి ప్యాకులు ఆన్ చేస్తే పైనుంచి గాలి బుస మొదలవుతుంది. ఇప్పుడు మూడు పొరలున్నాయి: ప్యాకుల గాలి, రీసర్క్యులేషన్ ఫ్యాన్లు, ఎక్విప్‌మెంట్ కూలింగు. ఒక్కొక్కటీ ఆపుతూ వినండి. ప్యాకులు ఆపితే బుస పోవాలి కానీ నిశ్శబ్దం రాకూడదు, మిగతా రెండూ ఉండాలి. చాలా ఉచిత విమానాల్లో ఈ మూడూ కలిపి ఒకే రికార్డింగుగా ఉంటాయి. ఒక స్విచ్ వేయగానే అంతా చచ్చిపోతుంది. జీబోలో ప్యాకు పొర చక్కగా విడిపోతుంది.

స్టార్టుకు ముందు ప్యాకులు ఆపడం చెక్‌లిస్టులో ఉన్న పని. డక్టులోని ఒత్తిడి అంతా స్టార్టరుకు పోవాలి. అందుకే నిజం 737లో స్టార్టుకు ముందు కాక్‌పిట్ ఒక్కసారిగా సద్దుమణుగుతుంది. ఆ సద్దులేని చోటులోంచి ఇంజను మెల్లగా మేలుకుంటుంది. ప్యాకులు ఆపడం మర్చిపోతే చెవే ముందు చెబుతుంది, డక్ట్ ప్రెషర్ సూది తర్వాత చెబుతుంది.

స్టార్ట్ స్విచ్ గ్రౌండ్‌కు తిప్పాక ఎన్2 (లోపలి కోర్ షాఫ్టు వేగం) కదులుతుంది. 25 శాతం దగ్గర స్టార్ట్ లీవరు ఐడిల్‌కు. ఇంధనం అంటుకున్నాక ఈజీటీ (ఎగ్జాస్టు ఉష్ణోగ్రత) లేస్తుంది, వెంటనే లోతైన మూలుగు కలుస్తుంది. ఈ మూలుగు లీవరు ఎత్తిన క్షణానే వినిపిస్తే తప్పు, ఈజీటీ కదిలినప్పుడే రావాలి. 56 శాతం దగ్గర స్టార్టరు విడిపోతుంది, స్విచ్ టక్కుమని తిరిగి ఆఫ్‌కు వస్తుంది. చివరికి ఎన్1 20 శాతం దగ్గర, ఎన్2 60 దగ్గర కుదురుకుంటాయి. ఈ వరసను కంటితో చూడకుండా చెప్పగలిగితే ఆ సౌండ్ ప్యాకు మంచిది. జీబోలో చెప్పగలం. ఒక హెచ్చరిక: ఫ్రేమ్ రేటు 20 కంటే పడిపోతే ఎక్స్-ప్లేన్ సిమ్యులేటరు కాలాన్నే నెమ్మది చేస్తుంది. అప్పుడు స్టార్టు సాగదీసినట్టు ఉంటుంది. ఆ తప్పును సౌండ్ ప్యాకు మీద వేయకండి, గ్రాఫిక్స్ తగ్గించి మళ్ళీ వినండి.

రెక్కల లెక్క

ఫ్యాన్ ఈలకు ఒక లెక్క ఉంది. సీఎఫ్‌ఎం56-7బీకి 24 ఫ్యాన్ బ్లేడ్లు. ఎన్1 100 శాతం అంటే నిమిషానికి 5,175 చుట్లు. 60తో భాగిస్తే సెకనుకు 86 పైచిలుకు, దాన్ని 24తో గుణిస్తే 2,070 హెర్ట్జ్. ఐడిల్లో, అంటే 20 శాతం దగ్గర, ఇదే 414 హెర్ట్జ్. 85 శాతం దగ్గర సుమారు 1,760.

దీన్ని తూచడానికి ఆడాసిటీ చాలు. రికార్డింగ్ హోస్టుగా విండోస్ వాసాపీ ఎంచుకుని, స్పీకరు లూప్‌బ్యాక్‌ను ఇన్‌పుట్‌గా పెట్టండి. సిమ్యులేటరులో డేటా అవుట్‌పుట్ పేజీనుంచి ఎన్1ను తెరమీదకు తెచ్చుకుని, థ్రాటిల్ కదుపుతూ రికార్డు చేయండి. తర్వాత ట్రాక్‌ను స్పెక్ట్రోగ్రామ్‌గా మార్చి చూస్తే ఈల ఒక గీతగా కనిపిస్తుంది. ఆ గీత ఎన్1తో పాటు తెగకుండా పైకీ కిందికీ కదలాలి. మధ్యలో తెగినా, ఒకచోట రెండు గీతలుగా చీలినా అక్కడ లూపులు మారుతున్నాయని అర్థం. గీత లెక్క చెప్పిన చోట కాక చాలా పక్కకు పడితే, ఆ రికార్డింగు వేరే ఇంజనుదో, పిచ్ మార్చినదో అయి ఉంటుంది. ఫోన్‌లో స్పెక్ట్రాయిడ్ లాంటి ఉచిత యాప్ ఉన్నా ఈ పని జరుగుతుంది, స్పీకరు దగ్గర పెడితే చాలు.

ఇదే యాప్‌తో కంచరపాలెం మేడ మీది పరీక్ష కూడా చేయొచ్చు. దిగుతున్న 737-800 ఎన్1 55 శాతం ఉందనుకుంటే ఈల 1,140 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. కానీ విమానం 140 నాట్లతో, అంటే సెకనుకు 72 మీటర్లతో మీ వైపు వస్తోంది. 30 డిగ్రీల ఎండలో శబ్దవేగం సుమారు 349 మీటర్లు. నేరుగా మీ వైపు వచ్చేటప్పుడు ఆ ఈల 1,430 దాకా పోతుంది, దాటిపోయాక 940కి దిగుతుంది. తలమీదుగా వెళ్ళేదానికి ఈ తేడా కొంచెం తక్కువే ఉంటుంది, కానీ దిశ అదే. 737 మ్యాక్స్ అయితే లీప్ ఇంజనుకు 18 బ్లేడ్లే, అది తిరిగే వేగం కూడా తక్కువ, అందుకే ఈల బాగా కిందికి ఉంటుంది. రెండూ ఒకేలా వినిపించే సిమ్యులేటరు విమానాలను నమ్మకండి.

టేకాఫ్‌లో మరో చప్పుడు ఉంది, రంపం కోసినట్టు గరగరమనేది. ఫ్యాన్ బ్లేడ్ల కొసలు శబ్దవేగాన్ని మించినప్పుడు ఒక్కో బ్లేడు ముందు పుట్టే షాక్ తరంగాలు ఒకదానికొకటి కొద్దిగా తేడాగా ఉంటాయి. ఆ తేడా వల్ల సెకనుకు చుట్ల సంఖ్య, దాని గుణిజాల దగ్గర స్వరాలు పుడతాయి. ఇది ఇంజను ముందుకు వెదజల్లే చప్పుడు. కాబట్టి ముందు వరసల ప్రయాణికులకు గట్టిగా, వెనక వరసలకు తక్కువగా వినబడుతుంది. వెనక కూర్చున్నవాళ్ళకు ఎగ్జాస్టు గర్జనే ఎక్కువ. జీబోలో క్యాబిన్ ఉంది కదా, కెమెరాను మూడో వరసలో పెట్టి కంట్రోల్ నొక్కి నంబర్ ప్యాడ్‌లో ఒక అంకెకు దాచండి, 25వ వరసను మరో అంకెకు. టేకాఫ్ పరుగులో ఆ రెండు అంకెల మధ్య మారుతూ వినండి. తేడా స్పష్టంగా ఉంది. నిజంలో ఉన్నంత గట్టిగా కాకపోయినా, దిశ తప్పలేదు.

క్రూజ్‌లో రెండు ఎన్1ల మధ్య 0.3 శాతం తేడా ఉంటే నిమిషానికి 15 చుట్ల తేడా. షాఫ్టుల స్వరాలు రెండూ కలిసి దాదాపు నాలుగు సెకన్లకొకసారి ఉబ్బి తగ్గుతాయి. నిజం విమానంలో మధ్య సీట్లలో కునుకు తీసేవాళ్ళు ఈ ఊగును ఎరుగుదురు. సిమ్యులేటరులో రెండు ఎన్1లూ తేడా లేకుండా ఒకే అంకె దగ్గర నిలిస్తే ఈ ఊగు పుట్టదు. థ్రాటిళ్ళు విడివిడిగా ఉన్న క్వాడ్రంటు ఉంటే ఒకదాన్ని వెంట్రుకవాసి కదిపి చూడండి.

గాలి: అసలు పరీక్ష

ఎయిర్‌లైనర్ కాక్‌పిట్‌లో ఎగిరేటప్పుడు వినిపించేది ఎక్కువగా ఇంజను కాదు, గాలి. 737 పైలట్లు ఇంజన్లకు చాలా ముందు కూర్చుంటారు. ముక్కు, అద్దాల చుట్టూ ఒరుసుకుపోయే గాలే అక్కడి ప్రధాన మోత. ఇక్కడ తప్పు చేసే సౌండ్ ప్యాకులు చాలా ఉన్నాయి, ఆ తప్పు ఎప్పుడూ ఒకటే: గాలి చప్పుడును ట్రూ ఎయిర్‌స్పీడుకు, అంటే గాలిలో విమానం నిజంగా పోయే వేగానికి, కట్టడం.

35,000 అడుగుల దగ్గర 0.78 మాక్‌తో (శబ్దవేగంలో 78 శాతం) పోతున్నప్పుడు ట్రూ ఎయిర్‌స్పీడు 450 నాట్లు ఉన్నా, ఇండికేటెడ్ (గాలి ఒత్తిడిని బట్టి మీటరు చూపే వేగం) 265 దగ్గరే ఉంటుంది. పలచటి గాలి తక్కువగా ఒరుస్తుంది, చప్పుడు ఇండికేటెడ్ వేగాన్ని అనుసరిస్తుంది. కాబట్టి 12,000 అడుగుల దగ్గర 310 నాట్లతో దిగుతున్న 737 కాక్‌పిట్, క్రూజ్‌లో కంటే గోలగా ఉండాలి. క్రూజ్‌లోనే గోల ఎక్కువైతే సౌండ్ ప్యాకు తప్పు కట్టారన్నమాట. రెండో పరీక్ష: ఎత్తు మార్చకుండా 250 నాట్ల నుంచి 310కి పెంచండి. డైనమిక్ ప్రెషరు ఒకటిన్నర రెట్లు దాటుతుంది, చప్పుడు 4 డెసిబెల్స్ దాకా అయినా పెరగాలి. ఆడాసిటీలో రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. ఎక్కేటప్పుడు మాక్ స్థిరంగా ఉంచితే ఎత్తు పెరిగేకొద్దీ ఇండికేటెడ్ తగ్గుతుంది, దానితో పాటే హోరు నెమ్మదిగా జారాలి.

జీబో ఈ విషయంలో బాగా చేసింది. 250 నాట్ల పరిమితి దాటి వేగం పెంచగానే అద్దం మీద ఒత్తిడి పెరిగినట్టే వినిపిస్తుంది. ఫ్లాపులు, గేరు దింపినప్పుడు చేరే బరువైన దడదడ కూడా వేరుగా తెలుస్తుంది. కంటితో చూడకుండానే గేరు కిందుందా పైనుందా చెప్పవచ్చు. ఇలా తెలియడమే సౌండ్ డిజైన్ పరమార్థం.

చిన్న చప్పుళ్ళ జాబితా పొడుగు, ముఖ్యమైనవి చెబితే సరిపోతుంది. ట్రిమ్ వీల్ టకటకలు ఫ్లాపులు దిగి ఉన్నప్పుడు వేగంగా, పైకి ఉన్నప్పుడు నిదానంగా రావాలి. గేరు ఎత్తినప్పుడు ముక్కు చక్రాలు గూట్లోకి వెళ్ళి స్నబ్బర్లకు ఒరుసుకుని ఆగుతాయి, కాళ్ళ కింద కొద్ది క్షణాల గరగర. ఆ తర్వాత తలుపులు దబ్‌మని మూసుకుంటాయి. దిగాక స్పీడ్‌బ్రేకు లీవరు తనంతట తాను జర్రుమంటూ వెనక్కి వస్తుంది, ఆ మోటారు చప్పుడు వినిపించకపోతే లీవరు ఆర్మ్ చేశారా అని అనుమానించాలి. 340 నాట్లు దాటితే క్లాకర్ అనే అతివేగపు హెచ్చరిక. ఈ నాలుగూ జీబోలో పైలట్‌కు పనికొచ్చే స్థాయిలోనే ఉన్నాయి. రివర్స్ గర్జన 60 నాట్ల దగ్గర లీవరు దించాక కూడా కాసేపు ఉండి జారాలి, అదీ కుదిరింది.

బయట

బయటి వ్యూలో మాత్రం ఈ పట్టు సడలింది. దూరంనుంచి వచ్చే విమానం ముందు ఫ్యాన్ ఈలతో వస్తుంది, దాటాక జెట్ గర్జన మిగులుతుంది. జెట్ మోత అన్ని వైపులా సమానంగా పోదు, ఎగ్జాస్టు దారికి ఓరగా వెనక్కి గట్టిగా పోతుంది. రన్‌వే పక్కన కెమెరా పెట్టి విమానాన్ని దాటనిస్తే జీబోలో ఈ మార్పు ఉంది కానీ పలచగా ఉంది. కిలోమీటరు దూరంలోని విమానం చప్పుడు విశాఖ ఎండలో దాదాపు మూడు సెకన్లు ఆలస్యంగా చేరాలి. సరదాగా వీడియోలు తీసేవాళ్ళకు ఈ పలచదనం పెద్ద లోటు. దూరం పెరిగేకొద్దీ పై స్వరాలు ఎంత తగ్గుతాయన్నది గాలిలోని తేమ మీద కూడా ఆధారపడుతుంది. పొడి గాలిలో సన్నటి స్వరాలు త్వరగా హరించుకుపోతాయి, మన సముద్రపు తేమగాలిలో ఎక్కువ దూరం వస్తాయి. కంచరపాలెంలో వినే ఈల సిమ్యులేటరులోని ఈల కంటే పదునుగా ఉంటే ఇది ఒక కారణం కావచ్చు.

పోలిక కోసం రెండు మాటలు. రాజమండ్రి, కడప దారుల్లో తిరిగే ఏటీఆర్ 72-600 మైక్రోసాఫ్ట్ సిమ్యులేటరుకు 2023లో వచ్చింది. ప్రొపెల్లరు విమానాల్లో లెక్క ఇంకా సులువు. ఆరు బ్లేడ్లు, ఎన్‌పీ (ప్రొపెల్లరు వేగం) 100 శాతం అంటే 1,200 చుట్లు, కాబట్టి టేకాఫ్‌లో 120 హెర్ట్జ్, క్రూజ్‌లో 82 శాతం దగ్గర 98. రెండు ప్రొపెల్లర్ల మధ్య నాలుగు చుట్ల తేడా ఉంటే రెండున్నర సెకన్లకొక ఊగు. ఏపీయూ లేని ఈ విమానంలో కుడి ఇంజను నడుస్తూ ప్రొపెల్లరు బ్రేకుతో ఆగి ఉండే హోటల్ మోడ్ ఉంటుంది. అప్పుడు టర్బైన్ ఈల మాత్రమే ఉండి, ప్రొపెల్లరు దడ ఒక్క ముక్కైనా వినిపించకూడదు. డేగాలో తిరిగే డోర్నియర్ సంగతి దీనికి తలకిందులు. దాని టీపీఈ331 ఇంజనుకు ఒకే షాఫ్టు, టర్బైన్ తిరిగితే ప్రొపెల్లరూ తిరగాల్సిందే, అందుకే నేలమీద కూడా అంత చెవులు చిల్లులు పడే కీచు. బీచ్ రోడ్డులోని టీయూ-142 మ్యూజియంకు వెళ్తే ఒక్కో ఇంజను మీద ఎదురెదురుగా తిరిగే నాలుగేసి బ్లేడ్ల జంటను దగ్గరగా చూడండి. ముందు వరస చెదరగొట్టిన గాలిని వెనక వరస కోయడం ఆ విమానపు భీకరమైన మోతకు ఒక ముఖ్య కారణం. ఇక ఎయిర్‌బస్ 320లో కుక్క మొరిగినట్టుండే పీటీయూ (ఒక హైడ్రాలిక్ వ్యవస్థ ఒత్తిడిని రెండోదానికి అందించే పంపు) సంగతి: ఆకుపచ్చ, పసుపు హైడ్రాలిక్ వ్యవస్థల మధ్య 500 పీఎస్‌ఐ మించి తేడా వస్తే అది పనిచేస్తుంది. రెండో ఇంజను స్టార్టులో స్వయంగా పరీక్షించుకుంటుంది. ఆ చప్పుడు క్యాబిన్ మధ్యలో గట్టిగా, కాక్‌పిట్‌లో లీలగా ఉండాలి. కాక్‌పిట్‌లో మొరిగే సౌండ్ ప్యాకులు ప్రయాణికుల వీడియోలు విని చేసినవే అనిపిస్తుంది.

అమరిక, మరమ్మతు

మన ఇళ్ళలో సీలింగ్ ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. దాని హోరు, ప్యాకుల గాలి హోరు ఒకే జాతివి. అందుకే చాలామంది ప్యాకుల చప్పుడు లేదని మాస్టర్ వాల్యూమ్ పెంచి, తర్వాత హెచ్చరికలు అదిరిపోతున్నాయని ఫిర్యాదు చేస్తారు. చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు వాడండి, ఈ చిక్కు చాలావరకు పోతుంది. విండోస్‌లో లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ తప్పకుండా ఆపేయండి. అది చిన్న చప్పుళ్ళను పైకి లాగి, పెద్దవాటిని కిందికి తొక్కి, పైన చెప్పిన ప్రతి పరీక్షనూ చెడగొడుతుంది. స్పేషియల్ సౌండ్ కూడా మొదట ఆపి వినండి.

స్థాయిలు కుదర్చడానికి ఒక వరస. ముందు 10,000 అడుగుల దగ్గర 310 నాట్లతో నడుపుతూ గాలి హోరును మామూలుగా మాట్లాడే గొంతు కష్టపడాల్సిన స్థాయికి తెచ్చుకోండి, అంతకు మించి వద్దు. నిజమైన కాక్‌పిట్‌లో 80 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది, దాన్ని రోజూ గంటలకొద్దీ చెవుల్లో పోసుకోనక్కర్లేదు. తర్వాత ఆ హోరులోనూ గ్రౌండ్ ప్రాక్సిమిటీ హెచ్చరికలు స్పష్టంగా వినిపించేలా వాటిని పెంచండి. ఆ తర్వాత రేడియో. స్విచ్‌ల చప్పుడు చివర, అదీ తక్కువగా. ఎక్స్-ప్లేన్ సౌండ్ పేజీలో లోపలి, బయటి, రేడియో, వాతావరణ శబ్దాలకు వేర్వేరు స్లయిడర్లున్నాయి. జీబో కాక్‌పిట్‌లోని టాబ్లెట్‌లో విమానపు శబ్దాలను ఇంకా సూక్ష్మంగా మార్చుకోవచ్చు. వ్యాట్‌సిమ్ అనే ఆన్‌లైన్ ట్రాఫిక్ కంట్రోల్ నెట్‌వర్క్‌లో ఎగిరేవాళ్ళు కంట్రోలరు గొంతును వేరే పరికరానికి పంపితే ఇంజను మోతలో మునిగిపోదు.

చిటపటలు వస్తుంటే ముందు ప్రాసెసరు భారం చూడండి. ఆడియో పరికరం 48 కిలోహెర్ట్జ్‌లో ఉందో లేదో చూసి, యూఎస్‌బీ హెడ్‌సెట్టు హబ్‌లో కాక నేరుగా కంప్యూటరుకు పెట్టండి. చప్పుడే లేకపోతే ఎక్స్-ప్లేన్ ప్రధాన ఫోల్డరులోని లాగ్ ఫైలు తెరిచి ఎఫ్‌మాడ్ అన్న పేరు వెతకండి, ఏ ఈవెంటు దొరకలేదో అక్కడే రాసి ఉంటుంది. ఇది ఎక్కువగా వేరే సౌండ్ ప్యాకు వేసినప్పుడు వస్తుంది. విమానం ఫోల్డరులో ఎఫ్‌మాడ్ అనే ఫోల్డరు ఉంటుంది, అందులో శబ్దాల బ్యాంకు ఫైళ్ళు, గుర్తుల జాబితా, ఏ శబ్దాన్ని ఏ డేటారెఫ్‌కు కట్టాలో చెప్పే ఎస్‌ఎన్‌డీ ఫైలు ఉంటాయి. ఈ చివరి ఫైలు పేరు విమానం ఏసీఎఫ్ ఫైలు పేరుతో కలవాలి. కలవకపోతే సిమ్యులేటరుకు అది కనిపించదు. కొత్త ప్యాకు వేసేముందు పాత ఎఫ్‌మాడ్ ఫోల్డరును ఎక్స్-ప్లేన్ బయట ఎక్కడైనా దాచండి. కొత్తదాన్ని పాతదానిమీద పరచకండి. రెండు ప్యాకుల బ్యాంకులు కలిసిపోతే కొన్ని చప్పుళ్ళు వచ్చి కొన్ని రావు, అసలు కారణం పట్టుకోవడం కష్టం. జీబో అప్‌డేట్ వేసిన ప్రతిసారీ ఈ ఫోల్డరు తిరిగి మారే అవకాశం ఉందని గుర్తుంచుకోండి.

ఎస్‌ఎన్‌డీ ఫైలు మామూలు టెక్స్టే. నోట్‌ప్యాడ్‌లో తెరిచి, గాలి చప్పుడు ఈవెంటు కింద డేటారెఫ్ రాసి ఉంటే అది ఏదో చూడండి: ఇండికేటెడా, ట్రూనా. డబ్బు పెట్టి సౌండ్ ప్యాకు కొనేముందు అమ్మేవాళ్ళ వీడియోలో టేకాఫ్ కాకుండా రెండు ముక్కలు అడిగి వినండి, ప్యాకులు ఆపి చేసిన స్టార్టు ఒకటి, 310 నాట్ల దిగుడు ఒకటి. కాక్‌పిట్‌లోనే ఉండేవాళ్ళు జీబోతో వచ్చే శబ్దాలతో సరిపెట్టుకోవచ్చు, కొననక్కర్లేదు. బయటి వ్యూలో వీడియోలు చేసేవాళ్ళు కొనడం మేలు, కానీ రన్‌వే పక్క కెమెరాతో తీసిన ముక్క విన్నాకే.